గేమ్‌ప్లే రికార్డింగ్‌కు నిల్వ డ్రైవ్‌ల ఎంపిక: శ్రీకాకుళం, విజయనగరం పరిస్థితులు

కంప్యూటర్‌లో ఆట ఆడుతూనే తెర మీద జరిగేదాన్ని వీడియోగా దాచుకోవడాన్ని గేమ్‌ప్లే రికార్డింగ్ అంటారు. ఆ వీడియో వచ్చి చేరే చోటు హార్డ్ డిస్క్ కావచ్చు, ఎస్‌ఎస్‌డీ కావచ్చు, యూఎస్‌బీ తీగతో తగిలించే బయటి డ్రైవ్ కావచ్చు. వీటిలో ఏది కొనాలన్న చర్చ దాదాపు ఎప్పుడూ వేగం చుట్టూనే తిరుగుతుంది. అంకెలు వేసి చూస్తే రికార్డింగ్‌కు కావలసిన వేగం చాలా తక్కువ. ఉత్తరాంధ్ర తీరంలో, ముఖ్యంగా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో, వీడియో పాడవడానికి డ్రైవ్ నెమ్మదితనం కన్నా కరెంటు పోవడం, ఉప్పుగాలి, చోటు నిండిపోవడం పెద్ద కారణాలు. అందుకే ఈ వ్యాసం వేగానికి ఇచ్చినంత చోటు వాటికీ ఇస్తుంది.

సెకనుకు ఎంత రాయాలి

1920×1080 చుక్కల తెర, సెకనుకు 60 ఫ్రేములు. కుదించకుండా దాస్తే, రంగుల సమాచారాన్ని పావు వంతుకు తగ్గించిన మామూలు వీడియో పద్ధతిలో కూడా, సెకనుకు సుమారు 187 మెగాబైట్లు అవుతుంది. గంటకు 670 గిగాబైట్లు దాటుతుంది. ఇంత ఎవరూ దాచరు. గ్రాఫిక్స్ కార్డులోని ఎన్‌కోడర్ ఆ ప్రవాహాన్ని హెచ్.264 వంటి పద్ధతిలో కుదించి పంపిస్తుంది. మంచి నాణ్యతతో రికార్డు చేయడానికి సెకనుకు 50 మెగాబిట్లు సరిపోతాయనుకుంటే, 8 బిట్లు ఒక బైటు కాబట్టి డ్రైవ్ మీదికి వచ్చేది సెకనుకు 6.25 మెగాబైట్లే. గంటకు 22.5 గిగాబైట్లు. బిట్‌రేటు 100 మెగాబిట్లకు పెంచినా 12.5 మెగాబైట్లు, గంటకు 45 గిగాబైట్లు.

పదేళ్ల నాటి ల్యాప్‌టాప్‌లోని 5400 ఆర్‌పీఎం హార్డ్ డిస్క్ కూడా వరసగా రాయమంటే ఈ వేగానికి ఎన్నో రెట్లు రాయగలదు. డబ్బా మీద సెకనుకు 7,000 మెగాబైట్లు అని ముద్రించిన ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీ కొన్నంత మాత్రాన రికార్డింగ్ మెరుగుపడదు. వీడియో ఆగి ఆగి వస్తోందంటే తప్పు చాలాసార్లు ఎన్‌కోడర్ దగ్గరో, గ్రాఫిక్స్ కార్డు మీది బరువు దగ్గరో ఉంటుంది. రికార్డింగ్ ప్రోగ్రాము ఓబీఎస్ స్టూడియోలోని గణాంకాల పలకలో ఎన్‌కోడింగ్ ఆలస్యం వల్ల పోయిన ఫ్రేములు వేరుగా, రెండరింగ్ ఆలస్యం వల్ల పోయినవి వేరుగా కనబడతాయి. కొత్త డ్రైవ్‌కు డబ్బు కట్టే ముందు ఆ రెండు వరసలూ చూస్తే ఖర్చు తప్పవచ్చు. అదే పలకలో డిస్కు ఇంకెంతసేపట్లో నిండిపోతుందో కూడా ఉజ్జాయింపుగా చూపిస్తుంది. దాన్ని గమనించేవారు తక్కువ.

పాత సలహా ఎక్కడిది

రికార్డింగ్‌కు మహా వేగమైన డ్రైవ్ కావాలన్న మాట ఊరికే పుట్టలేదు. 1999లో వచ్చిన ఫ్రాప్స్ అనే ప్రోగ్రాము చాలాకాలం ఆటల రికార్డింగ్‌కు పెద్ద దిక్కు. ఆట నడుస్తుండగా ప్రాసెసర్ మీద బరువు పడకూడదని అది వీడియోను చాలా తేలికగా మాత్రమే కుదించేది. దాంతో ఫైళ్లు కొండల్లా పెరిగేవి, సెకనుకు పదుల మెగాబైట్లు డిస్కు మీద పడేవి. ఆనాటి హార్డ్ డిస్కు ఒకపక్క ఆటను చదువుతూ మరోపక్క ఆ ప్రవాహాన్ని రాయలేక తడబడేది. ఆటకొక డిస్కు, రికార్డింగ్‌కొక డిస్కు ఉండాలన్న నియమం అప్పుడు స్థిరపడింది.

2011లో ఇంటెల్ ప్రాసెసర్లలో క్విక్ సింక్, 2012లో ఎన్విడియా కార్డుల్లో ఎన్‌వీఎన్‌క్ అనే ఎన్‌కోడర్లు వచ్చాయి. 2013 అక్టోబరులో విడుదలైన ఎన్విడియా షాడోప్లే తన కార్డుల్లోని ఎన్‌కోడర్‌ను మామూలు ఆటగాడి చేతికి అందించింది. 2012లో హ్యూ బెయిలీ మొదలుపెట్టిన ఓబీఎస్ ఉచితంగా, అందరికీ తెరిచిన కోడ్‌తో వ్యాపించింది. ఫ్రాప్స్ చివరి రూపం 2013లో వచ్చి ఆగిపోయింది. ప్రోగ్రాము పోయినా దాని కాలపు సలహా మాత్రం కంప్యూటర్ కొట్ల నోట ఇంకా వినబడుతూనే ఉంది.

ఆ సలహాలో నిలిచే భాగం ఒకటుంది. ఆట, రికార్డింగ్ రెండూ ఒకే హార్డ్ డిస్క్ మీద పెట్టకూడదు. తిరిగే పళ్లెం మీద చదివే ముల్లు ఒక చోటి నుంచి మరో చోటికి వెళ్లడానికి సుమారు పది మిల్లీసెకన్లు పడుతుంది. ఆట తన ఫైళ్ల కోసం అటు లాగుతుంటే, వీడియో రాయడానికి ముల్లు ఇటు రావాలి. మొత్తం వేగం సరిపోయినా ఈ పరుగులో ఆట ఆగి ఆగి సాగుతుంది. ఎస్‌ఎస్‌డీలో కదిలే ముల్లే లేదు కాబట్టి రెండింటినీ ఒకే ఎస్‌ఎస్‌డీలో పెట్టినా సాధారణంగా ఇబ్బంది రాదు. అక్కడ చూసుకోవలసింది మిగిలిన ఖాళీ ఒక్కటే.

హార్డ్ డిస్క్‌లు

1956లో ఐబీఎం తయారుచేసిన మొదటి హార్డ్ డిస్క్‌లో 24 అంగుళాల పళ్లాలు యాభై ఉండేవి. పట్టేది మాత్రం 5 మెగాబైట్ల లోపే. పైన చెప్పిన 50 మెగాబిట్ల వీడియో అందులో ఒక సెకను కూడా ఇమడదు. నేటి 3.5 అంగుళాల డిస్కులు టెరాబైట్లు మోస్తాయి. పళ్లెం అంచుల దగ్గర సెకనుకు 200 మెగాబైట్ల ప్రాంతంలోనూ, లోపలి వలయాలకు వచ్చేసరికి అందులో సుమారు సగం వేగంతోనూ రాస్తాయి. గిగాబైటు లెక్కన చవక ఇవే. గంటల తరబడి రికార్డు చేసేవారికి ఈనాటికీ ఇంతకు మించిన చవక చోటు లేదు.

కొనేటప్పుడు చూడవలసిన తేడా ఒకటి డబ్బా మీద కనిపించదు. కొన్ని డిస్కుల్లో రాత వలయాలు పక్కపక్కనే విడివిడిగా ఉంటాయి. దీన్ని సీఎంఆర్ అంటారు. మరికొన్నింటిలో ఇంటికప్పు మీద పెంకుల్లా ఒకదాని అంచు మీద మరొకటి పడి ఉంటాయి. అది ఎస్‌ఎంఆర్. రెండో రకంలో ఒక వలయాన్ని మార్చాలంటే దాని మీద పడిన పక్కవాటిని కూడా తిరిగి రాయాలి. ఖాళీ డిస్కు మీద ఒక వీడియో వరసగా రాస్తే తేడా తెలియదు. పాతవి చెరిపి కొత్తవి రాస్తూ, డిస్కు ముప్పాతిక నిండాక వేగం ఒక్కసారిగా పడిపోతుంది. 2020లో వెస్టర్న్ డిజిటల్ తన రెడ్ శ్రేణిలోని కొన్ని డిస్కుల్లో చెప్పకుండా ఎస్‌ఎంఆర్ వాడిందని బయటపడి పెద్ద గొడవ జరిగింది. ఆ తర్వాత కంపెనీలు ఏ మోడల్ ఏ రకమో జాబితాలు ప్రకటించాయి. మోడల్ సంఖ్య పట్టుకుని ఆ జాబితా చూడటం రెండు నిమిషాల పని. జేబులో పట్టే 2.5 అంగుళాల బయటి హార్డ్ డిస్కుల్లో 1 టెరాబైటు, అంతకు పైబడినవి ఎక్కువ భాగం ఎస్‌ఎంఆర్ రకమే. వాటిని దాచడానికి వాడుకోవచ్చు. నేరుగా రికార్డు చేయడానికి రెండో స్థానం ఇవ్వాలి.

చిన్న పట్టణాల్లో సులువుగా దొరికే మరో రకం సీసీ కెమెరాల కోసం చేసిన డిస్కు. 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన ప్రజా భద్రత చర్యల అమలు చట్టం జనం ఎక్కువగా చేరే చోట్ల కెమెరాలు పెట్టి, 30 రోజుల రికార్డు ఉంచాలని చెప్పింది. కెమెరాలు బిగించేవారు ఊరూరా ఉండటంతో, ఆటల కంప్యూటర్ భాగాలు దొరకని చోట కూడా డబ్ల్యూడీ పర్పుల్, సీగేట్ స్కైహాక్ వంటివి దొరుకుతాయి. వీటిని రోజంతా ఆపకుండా వీడియో రాయడానికే రూపొందించారు. ఎక్కడైనా చిన్న తప్పు తగిలితే అక్కడే పట్టుబట్టి కూర్చోకుండా ముందుకు సాగేలా వీటి లోపలి ప్రోగ్రాము ఉంటుంది. వీడియోకు అది మేలు. అదే డిస్కు మీద విండోస్, ఆటలు ఎక్కిస్తే నెమ్మదిగా నడుస్తాయి. రికార్డింగ్ డిస్కుగా మాత్రం, నా దృష్టిలో, ఈ జిల్లాల్లో వీటికి రావలసినంత పేరు రాలేదు.

ఎస్‌ఎస్‌డీలు

సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకు 550 మెగాబైట్ల వరకు రాస్తుంది. ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లు మూడో తరంలో 3,500, నాలుగో తరంలో 7,000, ఐదో తరంలో 14,000 మెగాబైట్ల దాకా వెళ్లాయి. ఇవి ఖాళీ డ్రైవ్ మీద, మొదటి కొద్ది సేపటి అంకెలు. ప్రతి గడిలో నాలుగు బిట్లు కుక్కే క్యూఎల్‌సీ డ్రైవ్‌లో కొంత భాగాన్ని వేగమైన తాత్కాలిక నిల్వగా వాడతారు. అది నిండిన తర్వాత అసలు వేగం బయటపడుతుంది. చవక క్యూఎల్‌సీ సాటా డ్రైవ్‌లలో అది సెకనుకు వంద మెగాబైట్లకు అటూఇటూ, ఇంకా కిందికి కూడా దిగవచ్చు. అప్పటికీ రికార్డింగ్‌కు కావలసింది 6 నుంచి 12 మెగాబైట్లే కనుక పని ఆగదు. నొప్పి తెలిసేది 500 గిగాబైట్ల పాత వీడియోలను ఒక్కసారి కాపీ చేసేటప్పుడు.

ఎస్‌ఎస్‌డీ అరిగిపోతుందన్న భయం కూడా లెక్క వేస్తే చాలావరకు తీరుతుంది. రోజుకు మూడు గంటల చొప్పున ఏడాదంతా 50 మెగాబిట్లతో రికార్డు చేస్తే సుమారు 24.6 టెరాబైట్లు రాసినట్లు. గడికి మూడు బిట్లు దాచే 1 టెరాబైటు టీఎల్‌సీ డ్రైవ్‌లకు కంపెనీలు తరచుగా 600 టెరాబైట్ల రాతకు హామీ ఇస్తాయి. ఆ లెక్కన ఇరవై ఏళ్లు దాటుతుంది. 200 టెరాబైట్ల హామీతో వచ్చిన క్యూఎల్‌సీ డ్రైవ్‌లకైనా ఎనిమిదేళ్లు. అయితే జరిగిపోయిన క్షణాన్ని వెనక్కి తీసి దాచుకునే సౌకర్యం ఒకటుంది. ఓబీఎస్‌లో ఆ రీప్లే బఫర్ ర్యామ్‌లో నిలుస్తుంది. ఎన్విడియా ఇన్‌స్టంట్ రీప్లే మాత్రం డ్రైవ్ మీద తాత్కాలిక ఫైలుగా రాస్తూనే ఉంటుంది. అది ఎప్పుడూ ఆన్‌లో ఉంటే, దాచుకున్న క్లిప్పులు నాలుగే అయినా రాత మాత్రం ఆడినంతసేపూ సాగినట్లే.

బల్ల మీది కంప్యూటర్‌కు సరిపోయే ఏర్పాటు ఇది: విండోస్, ఆటల కోసం 500 గిగాబైట్లు లేదా 1 టెరాబైటు ఎన్‌వీఎంఈ, రికార్డింగ్ కోసం 2 నుంచి 4 టెరాబైట్ల సీఎంఆర్ హార్డ్ డిస్క్. 2 టెరాబైట్లలో, పైన చెప్పిన 50 మెగాబిట్ల లెక్కన, దాదాపు 88 గంటల వీడియో పడుతుంది. ల్యాప్‌టాప్ అయితే లోపలి ఎస్‌ఎస్‌డీ మీదే రికార్డు చేసి, ఆట ముగిశాక బయటి డ్రైవ్‌కు మార్చుకోవాలి. ఆడుతుండగా యూఎస్‌బీ తీగ కాస్త కదిలినా ఫైలు మధ్యలో తెగుతుంది.

కరెంటు పోయినప్పుడు

ఈ రెండు జిల్లాలకు కరెంటు పంచేది విశాఖపట్నం కేంద్రంగా ఉన్న ఈపీడీసీఎల్. ఏప్రిల్, మే నెలల సాయంత్రాల గాలివానలకు, అక్టోబరు చుట్టూ వచ్చే తుఫానులకు లైన్లు తెగడం ఇక్కడ ఎవరికీ కొత్త కాదు. రెండు గంటల రికార్డింగ్ చివర్లో కరెంటు పోతే నష్టం నాలుగు చోట్ల జరగవచ్చు. నాలుగింటికీ విరుగుడు వేరు.

మొదటిది వీడియో ఫైలు. మామూలు ఎంపీ4 ఫైలులో ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే పట్టిక రికార్డింగ్ ఆపాక చివరన రాస్తారు. ఆ పట్టిక రాయకముందే యంత్రం ఆరిపోతే, ఫైలు గిగాబైట్ల కొద్దీ ఉన్నా తెరుచుకోదు. ఎంకేవీ పద్ధతిలో సమాచారం ముక్కలు ముక్కలుగా పూర్తవుతూ వస్తుంది కాబట్టి పోయేది చివరి కొద్ది సెకన్లు మాత్రమే. ఎంకేవీలో రికార్డు చేసి, తర్వాత ఓబీఎస్ మెనూలోనే ఉన్న రీమక్స్ సాయంతో ఎంపీ4గా మార్చుకోవచ్చు. నాణ్యత తగ్గదు, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. 2024లో వచ్చిన ఓబీఎస్ 30.2 హైబ్రిడ్ ఎంపీ4ను తెచ్చింది. అది కూడా మధ్యలో ఆగిపోయినా తెరుచుకుంటుంది. పైసా ఖర్చు లేని ఈ ఒక్క మార్పు ఖరీదైన డ్రైవ్ కన్నా ఎక్కువ వీడియోలను కాపాడుతుంది.

రెండోది డ్రైవ్ మీది ఫైళ్ల వ్యవస్థ. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ తాను చేయబోయే మార్పులను ముందుగా చిట్టాలో రాసుకుంటుంది. కరెంటు వచ్చాక ఆ చిట్టా చూసి సర్దుకుంటుంది. బయటి డ్రైవ్‌లలో తరచుగా ఉండే ఎక్స్‌ఫ్యాట్‌కు అలాంటి చిట్టా లేదు. నేరుగా రికార్డు చేసే డ్రైవ్ విండోస్ కంప్యూటర్‌కే పరిమితమైతే దాన్ని ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా మార్చుకోవడం క్షేమం. మార్చేటప్పుడు అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి ఆ పని కొన్న రోజే చేయాలి.

మూడోది డ్రైవ్ ఒళ్లు. హార్డ్ డిస్క్ కరెంటు ఆగిన క్షణంలో, ఇంకా తిరుగుతున్న పళ్లెం ఊపునుంచే శక్తి తీసుకుని ముల్లును పక్కకు చేరుస్తుంది. ఇది అత్యవసర పద్ధతి. మామూలుగా ఆపినప్పటికన్నా అరుగుదల ఎక్కువ. వారానికి నాలుగుసార్లు జరిగితే ఆయువు తగ్గుతుంది. ఇళ్లలో వాడే ఎస్‌ఎస్‌డీల్లో ఎక్కువ వాటికి, సర్వర్ డ్రైవ్‌లలో ఉండే పెద్ద కెపాసిటర్లు ఉండవు. ఏ సమాచారం ఏ గడిలో ఉందో చెప్పే పట్టికను మారుస్తుండగా కరెంటు పోతే, అరుదుగానైనా, డ్రైవ్ మొత్తం కనబడకుండా పోవచ్చు.

నాలుగోది తిరిగొచ్చే కరెంటు. పోయేటప్పటికన్నా వచ్చేటప్పుడే ప్రమాదం ఎక్కువ. వోల్టేజీ ఒక్కసారి ఎగిసి పడితే ముందు దెబ్బతినేది పవర్ సప్లై, దాని వెనుక డ్రైవ్‌ల సర్క్యూటు బోర్డులు. గోడలోని మూడో పిన్నుకు నిజంగా ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించుకోవాలి. ఎర్త్ లేని బోర్డుకు తగిలించిన సర్జ్ ప్రొటెక్టర్ ఉన్నా లేనట్లే.

యూపీఎస్ కొనేటప్పుడు వీఏ అంకె చూసి మోసపోవద్దు. 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది సాధారణంగా 360 వాట్లు. ఆట నడుస్తున్న కంప్యూటర్, మానిటర్ కలిసి 400 వాట్లు దాటితే కరెంటు పోయిన క్షణమే యూపీఎస్ చేతులెత్తేస్తుంది. ఇంటికంతటికీ ఉన్న ఇన్వర్టర్ మీద ఆధారపడేవారు మారే సమయం చూసుకోవాలి. కంప్యూటర్ పవర్ సప్లై కరెంటు లేకుండా ఓర్చుకోగల సమయం, ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం, సుమారు 16 మిల్లీసెకన్లే. ఇన్వర్టర్ వెనక ఉండే మీటను యూపీఎస్ మోడ్‌కు మార్చితే ఆ లోపు మారే అవకాశం ఎక్కువ. మామూలు మోడ్‌లో ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, కంప్యూటర్ మాత్రం మళ్లీ మొదటి నుంచి లేస్తుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్లు కొత్త తరహా పవర్ సప్లైలకు పడకపోవచ్చు కనుక సైన్ వేవ్ రకం మంచిది. యూపీఎస్ ఉన్నా ఆట కొనసాగించమని కాదు. రికార్డింగ్ ఆపి, విండోస్‌ను పద్ధతిగా మూయడానికి కావలసిన మూడు నిమిషాలే దానివల్ల దొరికేది. ఇక్కడ ల్యాప్‌టాప్‌కు సహజమైన మేలు ఉంది. దాని బ్యాటరీయే యూపీఎస్.

పిడుగుల వేళ వైర్లన్నీ తీసేయడం ఒక్కటే మార్గం. కరెంటు ప్లగ్గు తీసి లాన్ కేబుల్ వదిలేసినా బయటి నుంచి వచ్చిన తీగ వెంట సర్జ్ లోపలికి రావచ్చు.

ఉప్పుగాలి, ఉక్క, తుఫాను

రాష్ట్రంలో అతి పొడవైన తీరం, సుమారు 193 కిలోమీటర్లు, శ్రీకాకుళం జిల్లాది. విజయనగరం జిల్లాకు భోగాపురం, పూసపాటిరేగ వైపు సముద్రం ఉంది. కళింగపట్నం, బారువ, భావనపాడు వంటి చోట్ల ఇంట్లోని ఇనుము ఎంత త్వరగా తుప్పు పడుతుందో అక్కడివారికి చెప్పనక్కరలేదు. అదే గాలి డ్రైవ్ సర్క్యూటు బోర్డు మీది రాగి గీతలకు, సాటా, యూఎస్‌బీ కనెక్టర్లకు తగులుతుంది. హార్డ్ డిస్కులకు 5 నుంచి 95 శాతం తేమ వరకు ఫరవాలేదని కంపెనీలు రాస్తాయి. ఆ అంకె పక్కనే నీరు చెమర్చకూడదన్న షరతు కూడా ఉంటుంది. ఏసీ గదిలో చల్లబడిన ల్యాప్‌టాప్‌నో డ్రైవ్‌నో ఉక్కపోస్తున్న వరండాలోకి తెచ్చి వెంటనే ఆన్ చేస్తే ఆ షరతు తప్పినట్టే. సంచిలోనే ఉంచి గది వేడికి అలవాటు పడనివ్వాలి. రాజాం, బొబ్బిలి వంటి లోపలి ఊళ్లలో ఉప్పు బెడద తక్కువ, ఎండ ఎక్కువ. ఎన్‌వీఎంఈ డ్రైవ్ వేడెక్కితే తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. రికార్డింగ్‌కు దానివల్ల నష్టం లేకపోయినా, మదర్‌బోర్డుతో వచ్చిన చిన్న హీట్‌సింక్ బిగించడం మానవద్దు.

మామూలు హార్డ్ డిస్క్‌కు గాలి ఆడే చిన్న రంధ్రం ఉంటుంది. దాని పక్కన మూయవద్దని రాసి కూడా ఉంటుంది. వరద నీరు లోపలికి వెళ్లే దారి అదే. 2013 నుంచి వస్తున్న, హీలియం నింపిన డిస్కులు పూర్తిగా మూసి ఉంటాయి. అవి పెద్ద సామర్థ్యాల్లో, సర్వర్ల కోసం వచ్చేవి కాబట్టి ఇళ్లలో అరుదు.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను పొరుగున ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటి ఇచ్ఛాపురం వైపును కుదిపింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. విజయనగరం, శ్రీకాకుళం కూడా చీకట్లో పడ్డాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరాన్ని తాకి, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. వెనువెంటనే వంశధార పొంగింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటింది. నాలుగూ సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. తీర మండలాల్లో రికార్డింగులు దాచుకునేవారు దసరా సెలవులకు ముందే రెండో ప్రతి తీసి మరో ఊరిలో ఉంచుకోవడానికి ఇంతకు మించిన కారణం అక్కరలేదు. హైదరాబాదులోనో విశాఖలోనో చదువుకుంటున్న అన్నయ్య గది అందుకు చాలు.

తడిసిన డ్రైవ్‌ను ఆరిందో లేదో చూద్దామని కరెంటు ఇవ్వకూడదు. హెయిర్ డ్రయర్ పెట్టకూడదు, మూత విప్పకూడదు. డ్రైవ్‌ను గాలి చొరబడని సంచిలో ఉంచి డేటా రికవరీ చేసేవారికి అలాగే ఇవ్వాలి. లోపలి బురద ఎండి పళ్లానికి అంటుకుంటే వారికీ పని కష్టమవుతుంది.

ఫోన్లు, కార్డులు, పెన్‌డ్రైవ్‌లు

ఈ జిల్లాల్లో ఆటలాడేవారిలో ఎక్కువమందికి మొదటి తెర ఫోనే. పబ్‌జీ మొబైల్‌ను 2020 సెప్టెంబరు 2న కేంద్రం నిషేధించింది. దాని స్థానంలో 2021 జులైలో వచ్చిన బీజీఎంఐ 2022 జులైలో ఆగి, 2023 మేలో తిరిగొచ్చింది. ఫోన్‌లో రికార్డు చేసినదాన్ని ఎడిటింగ్ కోసం కంప్యూటర్‌లోకి తెచ్చుకునే దారిలో మైక్రో ఎస్‌డీ కార్డు, పెన్‌డ్రైవ్ వస్తాయి. కార్డు మీద వీ30 అని ఉంటే సెకనుకు కనీసం 30 మెగాబైట్లు నిలకడగా రాస్తుందని అర్థం. ఫోన్ రికార్డింగ్‌కు అది పుష్కలం.

పెన్‌డ్రైవ్‌లలో ఎక్కువ కనబడే ఇబ్బంది ఫ్యాట్32. అందులో ఒక్కో ఫైలు 4 గిగాబైట్లకు మించకూడదు. 50 మెగాబిట్ల వీడియో పదకొండు నిమిషాలు దాటగానే ఆ హద్దును తాకుతుంది. 64 జీబీ పెన్‌డ్రైవ్ ఖాళీగా ఉండి కూడా చోటు లేదంటే కారణం ఇదే. ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేస్తే సమస్య తీరుతుంది.

దాచడం, పంపడం

రికార్డు చేసినదంతా దాచాలని ఎవరికైనా ఉంటుంది. అందులో చూడదగ్గది గంటకు ఐదు నిమిషాలు. వారానికోసారి క్లిప్పులు కోసి మిగతాది చెరిపేస్తే, పెద్ద డ్రైవ్ కొనే అవసరమే రెండేళ్లు వెనక్కి జరుగుతుంది. యూట్యూబ్ తన సూచనల్లో 1080 చుక్కల 60 ఫ్రేముల వీడియోకు సెకనుకు 12 మెగాబిట్లు చాలంటుంది. అంటే గంటకు 5.4 గిగాబైట్లు. 50 మెగాబిట్ల అసలు ఫైలునే ఎక్కిస్తే, 20 మెగాబిట్ల అప్‌లోడ్ ఉన్న ఫైబర్ కనెక్షన్ మీద గంట వీడియోకు రెండున్నర గంటలు పడుతుంది. కుదించింది 36 నిమిషాల్లో వెళ్లిపోతుంది.

ఏళ్ల తరబడి అల్మారాలో ఉంచడానికి ఎస్‌ఎస్‌డీ సరైనది కాదు. హామీ ఇచ్చిన రాత మొత్తం పూర్తయిన ఇంటి ఎస్‌ఎస్‌డీ, కరెంటు లేకుండా 30 డిగ్రీల వేడిలో ఒక ఏడాది సమాచారం నిలుపుకుంటే చాలునని మెమరీ ప్రమాణాల సంస్థ జెడెక్ అంటుంది. కొత్త డ్రైవ్ అంతకన్నా ఎక్కువ కాలం నిలుపుకుంటుంది, కానీ వేడి పెరిగేకొద్దీ ఆ గడువు తగ్గుతుంది. అటకకు హార్డ్ డిస్కే తగినది. బయటి హార్డ్ డిస్కుకు శత్రువు కుదుపు. ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లోనో పలాసలోనో రైలెక్కి, పై బెర్త్ మీద ల్యాప్‌టాప్‌కు హార్డ్ డిస్క్ తగిలించి వీడియోలు కోసుకునేవారు కనిపిస్తుంటారు. ఆగి ఉన్న డిస్కు తట్టుకునే దెబ్బను తిరుగుతున్న డిస్కు తట్టుకోలేదు. ప్రయాణంలో పనిచేయడానికి బయటి ఎస్‌ఎస్‌డీ వాడాలి, హార్డ్ డిస్క్ సంచిలోనే ఉండాలి.

కొనుగోలు

మామూలు రకాలు జిల్లా కేంద్రాల్లోనే దొరుకుతాయి. పది మోడళ్లు పక్కపక్కన చూడాలంటే విశాఖ ద్వారకానగర్ వెళ్లాలి, లేదా ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. ధరలు స్థిరంగా ఉండవు. 2011లో థాయిలాండ్ వరదల్లో కర్మాగారాలు మునిగి ప్రపంచమంతటా హార్డ్ డిస్క్ ధరలు పెరిగాయి. 2025 చివర్లో ఏఐ కేంద్రాల గిరాకీ వల్ల ఫ్లాష్ మెమరీ, ర్యామ్ ధరలు ఎగిశాయి. డబ్బా మీది 1 టెరాబైటును విండోస్ 931 జీబీగా చూపిస్తే అది మోసం కాదు, లెక్కించే పద్ధతిలో తేడా.

మోసాలు వేరే ఉన్నాయి. వెయ్యి రూపాయలకు 2 టెరాబైట్ల పెన్‌డ్రైవ్, రెండు వేలకు 16 టెరాబైట్ల బయటి ఎస్‌ఎస్‌డీ అంటూ కనబడేవి నకిలీలు. లోపల 32 లేదా 64 జీబీ చిప్పు ఉంటుంది. విండోస్‌కు మాత్రం పెద్ద అంకె చెబుతుంది. అసలు చోటు నిండాక రాసిన వీడియో ఎక్కడా ఉండదు, ఫైలు పేరు మాత్రం కనబడుతుంది. వాడిన డిస్కులను కొత్తవిగా అమ్మడం మరో రకం. చియా అనే క్రిప్టో నాణేల తవ్వకంలో అరిగిన సీగేట్ డిస్కులు, తిరిగిన గంటల లెక్క చెరిపి, కొత్తవిగా అమ్ముడైనట్లు 2025 మొదట్లో జర్మనీ పత్రిక ఒకటి బయటపెట్టింది. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ప్రోగ్రాములో తిరిగిన గంటలు చూడటంతో పాటు, డిస్కు వరస సంఖ్యను కంపెనీ వెబ్‌సైట్‌లో వేసి భారతదేశంలో వారంటీ ఎప్పటిదాకా ఉందో సరిచూసుకోవాలి. నకిలీ సామర్థ్యాన్ని పట్టడానికి హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. డ్రైవ్ మొత్తం నింపి, రాసినదాన్ని తిరిగి చదివి సరిపోల్చుతుంది. సెకనుకు 150 మెగాబైట్లు రాసే 2 టెరాబైట్ల డిస్కుకు రాయడానికే మూడున్నర గంటలు దాటుతుంది, చదవడానికి మళ్లీ అంతే. అందుకని పార్సిల్ విప్పిన మొదటి ఆదివారమే ఆ పరీక్ష పెట్టి, వాపసు గడువు లోపల ఫలితం చూసుకోవాలి.